కన్నీటి సుడి

నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా అమ్మ అనేది. ఇరవై మూడేళ్ల వయసులో నాకు ఊళ్లో సగం మందితో మాటలు లేవు, మిగతా సగం మందితో పోట్లాటలు. పొలంలో అన్న ఒక మాట అంటే కొడవలి అక్కడే పారేసి ఇంటికి వచ్చేవాణ్ణి. మనుషుల దగ్గర కుదరని ఓపిక ఒక్క గుర్రం దగ్గర మాత్రం కుదిరింది. అందుకే ఆ గుర్రానికి నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా ఊరు తర్లుపాడుకు రెండు కోసుల దూరం, అంటే నాలుగు మైళ్లు. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. నాయన ఊరి మునసబు. శిస్తు పనులకూ, తనిఖీకి వచ్చే అమీను మకాములకూ, ఎవడి గొర్రెలు ఎవడి చేలో పడినా ఆ పంచాయితీకీ వారానికి ఒకసారైనా మార్కాపురం పోవలసి వచ్చేది. మునసబు కాలినడకన పోతే కచేరీలో బంట్రోతు కూడా లేచి నిలబడడని నాయన నమ్మకం. అందుకని గుర్రం. పేరుకు గుర్రమే గానీ బరువులు మోసే పొట్టి తట్టు గుర్రం కంటే నాలుగు వేళ్లు ఎత్తు, అంతే. ఎర్రటి ఆడగుర్రం. మా ఇంట్లో పశువులకు పేర్లు పెట్టే అలవాటు లేదు కాబట్టి దాన్ని ఎర్రది అనే పిలిచేవాళ్లం. పిల్లగా ఉన్నప్పుడు నాయన ఊరూరా తిరిగే వర్తకుల దగ్గర కొన్నాడు. కొన్నది ఆయన, ఎక్కేది ఆయన, పెంచింది మాత్రం నేను.

నాకు గుర్రం పని నేర్పింది మా ఊరి సాయెబు తాత. వయసులో ఉన్నప్పుడు గుర్రపు పటాలంలో పనిచేసి, పింఛను మీద ఊరికి వచ్చిన ముసలాయన. డెబ్బై దాటినా జీను మీద కూర్చుంటే నడుము వంగేది కాదు, కింద నిలబడితేనే వంగేది. ఎర్రదాన్ని తెచ్చిన రోజు ఆయన వచ్చి పళ్లు చూశాడు, డెక్కలు ఎత్తి చూశాడు, చివరికి మొహం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎడమ కంటి కింద ఎముక మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఒక చిన్న సుడి ఉంది.

“కన్నీటి సుడి,” అన్నాడు. “ఇది కట్టేసిన ఇంట్లో ఏడుపు తప్పదంటారు. కొనకముందు నాకొక మాట చెప్పకపోతిరి.”

నాయన నవ్వాడు. “నేను శిస్తుకు పోయిన ప్రతి ఇంట్లోనూ ఏడుపే. ఇంగ నా గుర్రానికి ఏ సుడి ఉంటే ఏంది?” అన్నాడు.

ఆ నవ్వు రెండేళ్లు కూడా నిలవలేదు. మా అన్న భార్య, మా వదిన, మొదటి కాన్పుకు అర్ధవీడు దగ్గర పుట్టింటికి పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చింది. బిడ్డ పదో రోజున పోయింది. రెండో బిడ్డ మా ఇంట్లోనే పుట్టింది, ఏడవకుండానే పుట్టింది. అప్పటినుంచి అమ్మ కళ్లు గుర్రం మొహం మీద పడ్డాయి. మొదటి బిడ్డ పోయింది కొండల పక్కన ఎక్కడో, గుర్రం ఉన్నది ఇక్కడ, దానికీ దీనికీ ఏం సంబంధమని నేను అరిచేవాణ్ణి. నా అరుపులకు ఊళ్లోనే ఎవరూ భయపడేవాళ్లు కాదు, అమ్మ భయపడుతుందా? వదిన మూడోసారి నీళ్లోసుకుని నెలలు నిండుతుండగా అమ్మ తేల్చి చెప్పింది.

“కాన్పు లోపల అది ఈ ఇంట్లోనుంచి పోవాల. లేదంటే నేను పోతా.”

అమ్మ ఎక్కడికీ పోదని అందరికీ తెలుసు. అయినా నాయన ఆలోచనలో పడ్డాడు. ఆయనకు గుర్రం మీద కంటే కచేరీ ముందు గుర్రం దిగే దర్జా మీద ప్రేమ ఎక్కువ. అదీ ఒక ప్రేమే అనుకోండి. రెండు రోజుల తర్వాత నన్ను పిలిచాడు.

“శివరాత్రి తిరునాళ్లలో చెంబు పందెం ఉంది గదా. గెలిపించుకోని రా, ఇంట్లో ఉంటది. గెలవలేదనుకో, గిద్దలూరు స్టేషను కాడ జట్కా తోలే మన చుట్టం ఎప్పటినుంచో అడగతానే ఉన్నాడు, ఆయనకు ఇచ్చేస్తా. ఇంగ దీంట్లో మాట మార్చేది లేదు.”

చెంబు పందెం ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. త్రిపురాంతకం పోయే దారిలో ఒక గుట్ట కింద ఆ తిరునాళ్ల జరిగేది. చుట్టుపక్కల కరణాలు, మునసబులు, వర్తకులు తమ తమ గుర్రాలతో వచ్చేవాళ్లు. ఈ పందెంలో ఉరికిన గుర్రానికి గెలుపు లేదు. రౌతు కుడి చేతిలో అంచుదాకా నీళ్లు పోసిన ఇత్తడి చెంబు ఉంటుంది, ఎడమ చేతిలో కళ్లెం. అర కోసు దూరంలో పాతిన గుంజను చుట్టి వెనక్కి రావాలి. గుర్రం రవాలు నడకలోనే నడవాలి, అంటే ఒక పక్క కాళ్లు రెండూ కలిసి పడాలి, ఆ తర్వాత రెండో పక్కవి రెండూ కలిసి పడాలి. ఆ నడకలో గుర్రం వీపు కుదపదు. నడక చెడి దౌడు తీసిందా, పందెం నుంచి బయటికే. ముందు వచ్చిన నలుగురి చెంబుల్లో నీళ్లు కొలుస్తారు, ఎక్కువ మిగిలినవాడిదే గెలుపు. గెలిచిన గుర్రం మీద ఆ సాయంత్రం స్వామి నగారా ఎక్కించి ఊరేగిస్తారు. దేవుడి నగారా మోసిన గుర్రానికి ఇంక ఏ దోషమూ అంటదని మా వైపు నమ్మకం. అమ్మ కూడా దానికి అడ్డం చెప్పలేకపోయింది.

అన్న మాత్రం పెదవి విరిచాడు. “కరణాల గుర్రాలతో మనకు పోటీ ఏంది? పులిని జూసి నక్క వాత పెట్టుకున్నట్టు. జొన్న కోతకొచ్చింది, మనిషి దొరకడం లేదు, నువ్వేమో చెంబు పట్టుకోని తిరగతావా?” అన్నాడు. కోతకూ వస్తాను, పందానికీ పోతాను అని పంతం పట్టాను. ఆ వారమంతా నేను కూర్చుని అన్నం తిన్నట్టు గుర్తు లేదు.

ఒక చిక్కు ఉంది. కన్నీటి సుడి ఉన్న గుర్రాన్ని నగారా పందానికి రానివ్వరు. దానికి దారి కూడా ఆచారంలోనే ఉంది. సుడి మీద వాత పెట్టి కాలిస్తే సుడి చచ్చినట్టే లెక్క. ఇందులో దొంగతనం ఏమీ లేదు, అందరూ ఎరిగిందే. పెద్దలు మచ్చను చేత్తో తడిమి చూసి సరే అంటారు. పందెం వచ్చే ఆదివారం కాబట్టి వాత ఈ ఆదివారం పెట్టాలని, వారంలో పుండు మానుతుందని సాయెబు తాత చెప్పాడు.

కమ్మరి సన్నటి ఇనుప చువ్వ చేసిచ్చాడు. దాని కొస చింతగింజంత. పెరట్లో పిడకల నిప్పులో అది ఎర్రగా కాలుతుంటే తాత ముందు ముట్టెకు తాడు వేద్దామన్నాడు. పై పెదవిని తాడుతో మెలితిప్పి పట్టుకుంటే గుర్రం కదలదు.

“నా గుర్రానికి తాడెందుకు తాతా? నేను పట్టుకుంటే నిలబడతది.”

“నిలబడతది నాయనా. నీ మీద నమ్మకంతో నిలబడతది. నిప్పు తగిలినాక ఆ నమ్మకం ఏం జేస్తది?” అన్నాడు తాత.

నేను వినలేదు. ఎడమ చేత్తో దవడ కింద పట్టుకుని నిలబడ్డాను. తాత చువ్వ తీసుకుని దగ్గరికి వచ్చాడు. ఆయన చేయి వణుకుతోంది, చువ్వ కొస ఒకచోట నిలవడం లేదు. నాకు విసుగొచ్చింది. “ఇట్లియ్యి” అని లాక్కుని నేనే పెట్టాను. ఎర్రది నన్నే చూస్తూ నిలబడింది. వేడి తగిలేదాకా చెవి కూడా కదిలించలేదు. తగలగానే తల విసిరింది. సుడి కాలింది, దాంతోపాటు చువ్వ పైకి జారి కంటి కొసను కూడా తాకింది. కాలిన వెంట్రుకల వాసన పెరడంతా నిండింది. అది కట్టుకొయ్య చుట్టూ రెండు చుట్లు తిరిగి, మళ్లీ వచ్చి నా భుజం మీదే మూతి పెట్టింది. అంత బాధ పెట్టినవాణ్ణి నేనేనని దానికి ఇంకా తెలిసినట్టు లేదు.

తాత కన్ను విప్పి చూడబోయాడు, అది విప్పనివ్వలేదు. “రెప్పకు తగిలినట్టుంది లే,” అన్నాడు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను.

సోమవారానికి కన్ను వాచి మూసుకుపోయింది. నీళ్లు ధారగా కారి మొహం మీద వెంట్రుకలు అంటుకుపోయాయి. నాకు భయమేసింది. అమ్మ వచ్చి చూసి మాత్రం సంతోషపడింది. “కారనీరా. సుడిలో దాగిన కన్నీళ్లన్నీ అట్ల కారిపోవాల. దోషం దిగతాంది,” అంది. పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు కూడా వచ్చి చూసి అదే మాట అన్నారు. ఎంత కారితే అంత మంచిదన్నారు. మామూలుగా అయితే ఇట్లాంటి మాటలకు నేను ఇంతెత్తున లేచేవాణ్ణి. ఆ రోజు లేవలేదు, నమ్మాను. నమ్మితే నాకు హాయిగా ఉండింది.

వారం మొదలైంది. తెల్లవారుతూనే ఎర్రదాన్ని గుండ్లకమ్మ ఏటి ఇసుకలోకి తోలుకుపోయేవాణ్ణి. ఎడమ ముందుకాలికీ ఎడమ వెనకకాలికీ కలిపి ఒక నూలు తాడు, కుడి పక్కన అట్లాగే ఇంకొకటి. తాడు ఒరుసుకోకుండా పాత గుడ్డ పీలికలు చుట్టేవాణ్ణి. తాడు ఉంటే ఆ పక్క కాళ్లు రెండూ కలిసి కదలక తప్పదు. ఇసుకలో కాబట్టి కాళ్లు ఎత్తి వెయ్యకా తప్పదు. తాత గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. గుర్రం నడకను చూడకూడదు, వినాలి అనేవాడు. నాలుగు కాళ్ల చప్పుడు రెండు చప్పుళ్లుగా వినపడితే తల ఊపేవాడు, మూడో చప్పుడు వినపడిందంటే కర్రతో నేల మీద కొట్టేవాడు. ఎండ ఎక్కేసరికి ఇంటికి తెచ్చి మాలీషు చేసి, ఉలవ గుగ్గిళ్లు పెట్టి, కొడవలి తీసుకుని చేలోకి పరిగెత్తేవాణ్ణి. అన్న ఆ వారం నన్ను ఒక్క మాటా అనలేదు. అనడానికి నేను చిక్కితే కదా.

బుధవారం నాటికి వాపు తగ్గి కన్ను తెరుచుకుంది. నల్లగుడ్డు మీద పలచని తెల్లటి పొర కనిపించింది. పొగ తగిలి ఉంటుందని అనుకున్నాను. ఆ రోజు అమీను పిలిచాడని నాయన దాని మీద మార్కాపురం పోయి సాయంత్రం తిరిగి వచ్చాడు. ఎడమ మోకాలి దగ్గర పంచె చినిగి ఉంది.

“ఏందిరా నీ గుర్రం, నన్ను తీసకపోయి తుమ్మచెట్టుకు ఒరిపిచ్చింది?” అన్నాడు.

“నువ్వు కళ్లెం బిర్రుగా పడతావు నాయనా. అందుకే పక్కకు లాగతాది.”

నాయన కళ్లెం పట్టే తీరు మీద మా ఇద్దరికీ పాత తగువు ఉంది, కాబట్టి ఆ తగువు ముందు తుమ్మచెట్టు సంగతి మరుగున పడింది. గురువారం చెంబుతో సాధన చేసి వస్తుంటే, పెరటి గుమ్మంలో ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుంది. “మొద్దుదానా, రోజూ వచ్చే దారే కదా” అని తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే, రోజూ వచ్చే దారి కాబట్టే అప్పటిదాకా అది దేనికీ కొట్టుకోలేదు.

ఆ వారంలో వదిన రెండు మూడుసార్లు గుర్రం దగ్గరికి వచ్చింది. నెలలు నిండిన మనిషి, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చేది. ఒకసారి నందివర్ధనం పూలు నానేసిన నీళ్లు గిన్నెలో తెచ్చి నా చేతికిచ్చింది. కంటికి చలువ చేస్తుందని. గుర్రం ఇంకా ఇంట్లోనే ఉందా అని చూసుకోవడానికి వస్తోందని నా అనుమానం. గిన్నె తీసుకున్నాను గానీ మంచి మాట మాట్లాడలేదు.

“దానికి నొప్పిగా ఉందేమో అబ్బాయా. నాలుగు దినాలు ఇడిచిపెట్టగూడదా?” అంది.

“ఇదంతా ఎవరి కోసం చేస్తున్నట్టు వదినా? నీ కోసమే గదా,” అన్నాను. గొంతులో విసురు నాకే వినపడింది. వదిన గుర్రం మెడ మీద ఒకసారి చేయి వేసి లోపలికి పోయింది.

శుక్రవారం ఎర్రది నడిచిన నడక నేను చచ్చేదాకా మరిచిపోను. తాళ్లు విప్పేశాను. అంచుదాకా చెంబు నింపి, ఇసుకలో కాకుండా గట్టి నేల మీద పోయి వచ్చాను. మూడు చుక్కలు కూడా ఒలకలేదు. తాత గట్టు మీది నుంచి లేచి వచ్చి చెంబులోకి తొంగిచూసి, ఆ నీళ్లతోనే మొహం కడుక్కున్నాడు. “నగారా మనదే,” అన్నాడు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను నవ్వాను, గుర్రం మెడ కావిలించుకున్నాను, ఏమేమో మాట్లాడాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట నా భార్యకు తెలిసిందే.

శనివారం బయలుదేరి చీకటిపడేసరికి తిరునాళ్లకు చేరాం, తాత ఒక తట్టు మీద, నేను ఎర్రదాని పక్కన నడిచి. పందెం రోజున అది అలిసిపోకూడదని ఎక్కలేదు. ఆదివారం పొద్దున పెద్దలు గుర్రాల మొహాలు తడిమి చూశారు. మా వంతు వచ్చినప్పుడు ఒక పెద్దాయన మచ్చ మీద వేలు పెట్టి, “కాల్చినారు గదా, సరే. కంటి నీళ్లు ఇంకా ఆగలేదే,” అన్నాడు. దోషం దిగుతోందని చెప్పాను. ఆయన కూడా తల ఊపాడు.

తొమ్మిది గుర్రాలు నిలిచాయి. చెంబులు నింపారు. బయలుదేరిన కాసేపటికే ఒక వర్తకుడి తట్టు దౌడు తీసి బయటికి పోయింది, దాని వెనకే ఇంకొకటి. ఎర్రది మూడోదిగా పోతోంది. చప్పుళ్లు రెండే, మూడోది లేదు. నీళ్లు చెంబు అంచున అట్లాగే నిలబడి ఉన్నాయి, వాటిలో ఆకాశం కూడా కదలడం లేదు. గుంజ దగ్గరికి వచ్చేసరికి మేము రెండోవాళ్లం. గుంజను ఎడమకు తిరగాలి. నేను కొంచెం వెడల్పుగా తిప్పాను. ఆ సందులోకి, మా ఎడమ పక్కకు, ఒక కరణంగారి తెల్లగుర్రం వచ్చింది. తప్పేమీ లేదు, అట్లా రావచ్చు. దాని భుజం ఎర్రదాని భుజానికి కొద్దిగా తాకింది.

ఎర్రది ఎగిరిపడింది. పక్కన ఉన్నట్టుండి పాము లేచినట్టు బెదిరి, తల ఆకాశానికి ఎత్తి నాలుగు దూకులు దూకింది. చెంబులో నీళ్లన్నీ నా తొడ మీద పడ్డాయి. కర్ర పట్టుకుని గుంజ దగ్గర నిలబడిన మనిషి నా వైపు చూసి, చేత్తో పక్కకు పొమ్మని సైగ చేశాడు. అంతే, అయిపోయింది.

దిగాను. చెంబు రాళ్ల మీదికి విసిరికొట్టాను. కళ్లెం కొస మడిచి పట్టుకుని దాని మెడ మీద కొట్టాను. ఎడమ పక్కన నిలబడి కొట్టాను, ఒకటి కాదు, ఎన్నో గుర్తు లేదు. నాలుగేళ్లలో దాన్ని కొట్టడం అదే మొదటిసారి. ఇంటినుంచి పోబోతున్నది అది, మనసు విరిగింది నాకు, నా కోపం మాత్రం దాని మీద. గుంజ దగ్గరే కాచుకుని ఉన్న తాత పరిగెత్తలేక పరిగెత్తుకుంటూ వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

“ఆగు నాయనా. ఇంకోసారి చెయ్యెత్తు. కొట్టొద్దు, ఊరికే ఎత్తు.”

ఎత్తాను. ఎర్రది కదలలేదు. “చూసినావా? కొట్టబోయే చెయ్యి కనపడితే ఏ గుర్రమైనా మెడ తిప్పుకుంటది. ఇది దెబ్బ పడేదాకా నిలబడే ఉంది,” అన్నాడు. తలగుడ్డ తీసి దాని కుడి కంటి ముందు విసిరాడు. రెప్ప కొట్టుకుంది, తల వెనక్కి పోయింది. ఎడమ కంటి ముందు విసిరాడు. ఏమీ లేదు. మళ్లీ విసిరాడు. గుడ్డ గాలికి రెప్ప వెంట్రుకలు కదిలాయి, రెప్ప కదలలేదు.

“ఈ కన్ను పోయింది,” అన్నాడు తాత. “ఎనిమిది దినాల నుంచి పోయే ఉంది.”

ఒంటి కన్నుతో, నొప్పితో, వారం రోజులు అది నేను పొమ్మన్న చోటికల్లా పోయింది. కనపడని పక్కన ఏముందో నా మోకాలి ఒత్తిడిని బట్టి తెలుసుకుని నడిచింది. తుమ్మచెట్టు, ద్వారబంధం, అన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. తాత తనను తాను తిట్టుకున్నాడు, వణికే చేయి తనదేనన్నాడు. చువ్వ లాక్కున్నది నేను కదా తాతా అనడానికి నోరు రాలేదు. తిరిగొచ్చే దారి ఎనిమిది కోసులూ దాని కుడి పక్కన నడిచి ఇంటికి వచ్చాను. ఎడమ పక్కన నడిచే ధైర్యం లేకపోయింది.

సోమవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఓడిపోయామని నా మొహం చూస్తేనే ఆయనకు తెలిసింది. కన్ను సంగతి చెప్పాను. చెప్పడం చాలా కష్టమైంది. నాయన లేచి వచ్చి చూశాడు, దాని చెవి వెనక గోకాడు, మళ్లీ పోయి కూర్చున్నాడు.

“మాటంటే మాట. రేపు గిద్దలూరికి మనిషిని పంపిస్తా. జట్కాకు గంతలు కట్టేదే గదా, ఒక కన్ను లేకపోయినా జరుగుతది,” అన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి, “ఒంటికన్ను గుర్రం ఎదురైతేనే అపశకునం. ఇంగ ఇంట్లోనా?” అంది. పోట్లాడే హక్కు పోయిందని నాకు తెలుసు.

అప్పుడు తలుపు వెనక నుంచి వదిన మాట వినపడింది. ఆరేళ్లలో వదిన నాయన ముందు గొంతెత్తి మాట్లాడటం మేమెవరం వినలేదు. మా ఇళ్లల్లో కోడళ్లు మామకు చెప్పాల్సింది అత్తతో చెబుతారు.

“మామా, ఆ గుర్రాన్ని పంపీయమని నేనెప్పుడన్నా చెప్పినానా?”

నాయన తల తిప్పలేదు. అమ్మ ఏదో అనబోయింది. వదిన ఆగలేదు.

“నా బిడ్డలు పోయింది దాని వల్లనని మీరందరూ అనుకున్నారు. నా కోసమని కాల్చినారు. నా కోసమని పందెం ఆడినారు. నన్నొక్కరన్నా అడిగినారా మామా? మొదటి బిడ్డ పోయి నేనొచ్చినప్పుడు ఇంట్లో కండ్లనీళ్లు పెట్టుకోగూడదని అత్త చెప్పింది. ఏడ్చే ఇంట్లో మళ్లా కడుపు పండదని. నేను పోయి దాని కాడ ఏడ్చినా. రెండో బిడ్డకూ దాని కాడనే ఏడ్చినా. అది కదలకుండా నిలబడేది. దాన్ని గూడా తోలేస్తే, ఈ బిడ్డకు ఏమన్నా అయితే, నేను ఎక్కడ ఏడవాల?”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాయన నా వైపు తిరిగి, “కట్టెయ్యిపో. నీళ్లు పెట్టు,” అన్నాడు. మాట మార్చని మనిషి మాట మార్చడం అదొక్కసారే చూశాను. గిద్దలూరికి మనిషి పోలేదు.

పన్నెండో రోజున వదినకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే పెరట్లోకి వినపడేట్టు ఏడ్చింది. పదో రోజు దాటేదాకా ఇంట్లో ఎవరం సరిగా ఊపిరి పీల్చలేదు. అది కూడా దాటింది. పురిటి స్నానం అయిన రోజున వదిన ఆకు దొన్నెలో చనుబాలు పట్టుకుని గుర్రం దగ్గరికి వచ్చింది. కంటి జబ్బుకు చనుబాలు చుక్కలు వేయడం మా వైపు ఉన్నదే, కానీ గుర్రానికి వేయడం ఎవరూ చూసి ఉండరు. పశువుల డాక్టరుకు చూపించాం, ఆ కన్ను ఇంక రాదని చెప్పాడు, అయినా వదిన మానలేదు. నెల రోజులు రోజూ వేసింది. కన్ను రాలేదు, పుండు మాత్రం మానింది.

మొదటి రోజు దాని తల పట్టుకోవడానికి నేను ముందుకు పోయాను. గుడ్డికన్ను పక్క నుంచి కాదు, నన్ను చూడగలిగే పక్క నుంచే పోయాను. ఎప్పటిలాగే దవడ కిందికి చేయి పోనిచ్చాను. ఎర్రది ఒళ్లంతా వణికి, తల నాకు అందనంత ఎత్తుకు ఎత్తింది. “నువ్వు ఇవతలికి రా అబ్బాయా,” అంది వదిన మెల్లగా. నేను వెనక్కి జరిగి గోడ దగ్గర నిలబడ్డాను. వదిన ఒక్కతే దగ్గరికి పోయింది. అది తల దించి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత తొమ్మిదేళ్లు బతికింది, నన్ను ఎక్కనిచ్చేది, తోమనిచ్చేది, నా చేతి గుగ్గిళ్లు తినేది, కానీ నా చేయి మొహం దగ్గరికి వస్తే మాత్రం తల పక్కకు తిప్పుకునేది.